ముడతల క్రీముల్లో ఏముంది? బావంచాలతో బుగ్గ కాల్చుకున్న ఒక టీచర్ జవాబు

అడిగిన ప్రశ్న: "నాకు 38 ఏళ్ళు. ముడతలు తగ్గించే క్రీముల మీద రెటినాల్, విటమిన్ సి, పెప్టైడ్స్, బకూచియాల్ అని ఏవేవో రాస్తున్నారు. వీటిలో నిజంగా పనిచేసేవి ఏవి? రసాయనాలెందుకని మూలికలతో చేసినవే వాడదామనుకుంటున్నాను. మంచిదేనా?"

మీ ప్రశ్నలో ఆఖరి మాట దగ్గర ఆగిపోయానండీ. ఆరేళ్ళ క్రితం నేనూ అచ్చం ఇలాగే అనుకుని, బావంచాలు పొడి కొట్టి రాసుకుని, కుడి బుగ్గ కాల్చుకున్నాను. కాబట్టి ముందు ఆ సంగతి చెప్తాను.

నాకిప్పుడు 47. విజయవాడ నుంచి రోజూ స్కూటీ మీద 14 కిలోమీటర్లు వెళ్ళి హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. నలభై దాటాక కళ్ళ పక్కన గీతలు నన్నేమీ బాధపెట్టలేదు కానీ, బుగ్గల మీద మంగు మాత్రం అద్దం చూసినప్పుడల్లా ఉసూరుమనిపించేది. ఆ రోజుల్లోనే బకూచియాల్ గురించి చదివాను. రెటినాల్ లాగా పనిచేస్తుందట, దానిలా మండదట. మన బావంచాల గింజల్లోంచే తీస్తారట. 1966లోనే మన పుణేలోని నేషనల్ కెమికల్ లేబొరేటరీ వాళ్ళు ఆ గింజల్లోంచి దీన్ని వేరుచేశారట. దానితో చేసిన సీరమ్ (ముఖానికి రాసుకునే పల్చటి ద్రవం) ధర చూస్తే ప్రాణం ఒప్పలేదు. మూలికలమ్మే కొట్టుకెళ్తే బావంచాలు చాలా చవక. నల్లగా, బొబ్బర గింజకి పిల్లలా ఉంటాయి. మిక్సీలో వేసి తిప్పితే వంటిల్లంతా ఘాటు. నువ్వుల నూనెలో కలిపి సీసాలో పోసుకుని, రోజూ రాత్రి రాసుకుని పొద్దున్నే కడుక్కునేదాన్ని.

మూడు రోజులు ఏమీ లేదు. నాలుగో రోజు సాయంత్రం ఇంటికొచ్చేసరికి కుడి చెంప కారం రాసినట్టు మంట. మర్నాటికి ఎర్రగా కందింది. ఆ మర్నాటికి ఆవగింజలంత నీటి పొక్కులు. చర్మ డాక్టరు గారు టార్చి వేసి చూసి అడిగిన మొదటి ప్రశ్న: "బొల్లికి ఏమన్నా మందు రాస్తున్నారా అమ్మా?" నాకు బొల్లి లేదన్నాను. "మరి బావంచాలు ఎందుకు రాశారు?" అన్నారు. నేనింకా ఆ పేరే ఎత్తలేదు!

విషయమేమిటంటే, ఆ గింజల్లో బకూచియాల్‌తో పాటు సొరాలెన్ అనే పదార్థం ఉంటుంది. దాని మీద ఎండలోని అతినీలలోహిత కిరణాలు పడితే చర్మం కాలుతుంది, తర్వాత రంగు కమ్ముతుంది. అందుకే బొల్లి మచ్చల మీద మళ్ళీ రంగు తెప్పించడానికి సొరాలెన్ ఇచ్చి, లెక్క ప్రకారం కిరణాలు పట్టిస్తారు. నేను ఆ వైద్యాన్ని లెక్కా పత్రం లేకుండా, ఏ జబ్బూ లేని బుగ్గకి, బెజవాడ ఎండలో చేసుకున్నాను. కంపెనీలు సీరమ్‌లో వేసే బకూచియాల్ సొరాలెన్ తీసేసి శుద్ధి చేసినది. గింజ ఒకటే కావచ్చు, గింజ పొడి వేరు, అందులోంచి తీసిన మందు వేరు. పొక్కులు పది రోజుల్లో మానాయి, వాటి నల్లమచ్చ మాత్రం ఎనిమిది నెలలుంది. మంగు తగ్గించుకుందామని పోయి దానికి తోడు ఇంకో మచ్చ తెచ్చుకున్నానన్నమాట.

ఒక్క కుడి చెంపకే ఎందుకయింది అని నాకు చాలా రోజులు పట్టుకుంది. తర్వాత వెలిగింది. పొద్దున బడికి ఉత్తరం వైపు వెళ్తాను, ఎండ తూర్పు నుంచి కుడి చెంప మీద. సాయంత్రం దక్షిణం వైపు తిరిగొస్తాను, ఎండ పడమర నుంచి, అప్పుడూ కుడి చెంప మీదే. హెల్మెట్ ఉంటుంది కానీ ఉక్కపోతకి అద్దం పైకి లేపేస్తాను.

మా నాన్నగారు ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. నా బుగ్గ కాలాకే ఆయన ముఖం సరిగ్గా చూశాను. కిటికీ వైపున్న కుడి చెంప మీద గీతలు లోతుగా, తోలు మందంగా ఉంటుంది. ఎడమ చెంప ఆయన కన్నా పదేళ్ళు చిన్నది. 2012లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో 28 ఏళ్ళు సరుకుల లారీ నడిపిన 69 ఏళ్ళాయన ఫొటో వచ్చింది. అక్కడ స్టీరింగ్ ఎడమ వైపు కాబట్టి ఆయనకి ఎడమ చెంప ముడతలు పడి వేలాడుతోంది. అతినీలలోహిత కిరణాల్లో యూవీబీ రకాన్ని కిటికీ అద్దం ఆపుతుంది కానీ, లోపలికి దిగి, చర్మాన్ని బిగువుగా ఉంచే ప్రొటీన్ అయిన కొల్లాజెన్‌ను చెడగొట్టే యూవీఏ చాలావరకు దాటొస్తుంది.

ఈ వరసలో మొదట కొనాల్సింది సన్‌స్క్రీన్ అని ఇప్పుడు నేను చెప్తే మీకు ఆశ్చర్యం ఉండదు. ఆస్ట్రేలియాలో 55 ఏళ్ళలోపు 903 మందిని నాలుగున్నరేళ్ళు గమనించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రోజూ తప్పకుండా రాసుకున్నవాళ్ళలో చర్మం ముదరడం, తోచినప్పుడు రాసుకున్నవాళ్ళకంటే 24 శాతం తక్కువ. ముడతల క్రీములకు ఇంత పెద్ద, ఇంత కాలం సాగిన పరీక్షలు దొరకడం అరుదు. చూపుడు వేలు, మధ్య వేలు మీద రెండు గీతలు పొడుగునా వేస్తే అది ముఖానికీ మెడకీ సరిపోయే కొలత. చాలామంది రాసుకునేది అందులో సగం కూడా ఉండదు. మీకూ మంగు ఉంటే కాస్త రంగున్న సన్‌స్క్రీన్ తీసుకోండి. అందులోని ఐరన్ ఆక్సైడ్ మామూలు వెలుగును కూడా ఆపుతుంది, మంగుకి అది కూడా ముఖ్యమే.

ఇక రెటినాల్. ఇది విటమిన్ ఎ రూపం ఒకటి. మీరు రాసినవాటిలో ముడతల మీద గట్టి రుజువున్నది దీని కుటుంబానికే. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ క్లిగ్మన్ అనే చర్మవైద్యుడు ఇదే కుటుంబంలోని ట్రెటినాయిన్‌ను మొదట మొటిమలకి వాడారు. వాడినవాళ్ళలో వయసు మళ్ళిన ఆడవాళ్ళు ముడతలు కూడా తగ్గాయనడంతో ఆ వైపు పరిశోధన మొదలైంది. 1986లో ఆ ఫలితాలు ప్రచురించారు, 1995లో అమెరికా ప్రభుత్వం సన్నటి ముడతలకి ఆ మందును అనుమతించింది. (ఈ క్లిగ్మనే ఫిలడెల్ఫియా హోమ్స్‌బర్గ్ జైల్లో ఖైదీల చర్మం మీద ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేశారు. ఆ సంగతి తెలిశాక ఆ ట్యూబు చేతిలోకి తీసుకుంటే కాస్త అదోలా ఉంటుంది.)

ట్రెటినాయిన్ డాక్టరు రాసిచ్చే మందు. రెటినాల్ మామూలుగా కొనుక్కునేది. రాసుకున్న రెటినాల్ చర్మంలోకి వెళ్ళి మొదట రెటినాల్డిహైడ్‌గా, తర్వాత రెటినాయిక్ ఆమ్లంగా మారితేనే పని మొదలవుతుంది. ట్రెటినాయిన్ అంటే ఆ చివరి ఆమ్లమే. మెట్లెక్కి రావాలి కాబట్టి రెటినాల్ బలం తక్కువ, మంట కూడా తక్కువే. చేసేది మాత్రం ఒకటే: కొల్లాజెన్‌ను తినేసే ఎంజైములను తగ్గించి, కొత్త కొల్లాజెన్ తయారయ్యేలా చేస్తుంది. రెటినైల్ పాల్మిటేట్ అని రాసుంటే అది ఇంకో మెట్టు కింద ఉన్నట్టు.

బుగ్గ మానాక డాక్టరు గారు నన్ను 0.3 శాతం రెటినాల్‌తో, వారానికి రెండు రాత్రులతో మొదలుపెట్టమన్నారు. ముఖం మొత్తానికి శనగగింజంత. నేను ఊరుకుంటానా, రెండో వారానికే రోజూ రాశాను. మూతి మూలలు, ముక్కు పక్కలు ఉల్లిపొరలా రేగాయి. బడిలో ఒక పిల్ల "టీచర్, మీ మొహం ఊడిపోతోంది" అంది. తర్వాత బుద్ధిగా ముందు మాయిశ్చరైజర్, పైన రెటినాల్, మళ్ళీ మాయిశ్చరైజర్ రాసుకునేదాన్ని. గీతలు పల్చబడ్డాయని నాకనిపించడానికి ఐదు నెలలు పట్టింది. రెండు వారాల్లో అంటే నమ్మకండి. గర్భంతో ఉన్నా, ఆ ఆలోచనలో ఉన్నా మాత్రం ఈ రెటినాల్ కుటుంబం మందులన్నీ మానేయాలి. ఇంకో మాట. మనలాంటి చామనఛాయ, నలుపు చర్మాలకి మంట పుట్టిన చోట నల్లమచ్చ సులువుగా మిగులుతుంది. కాస్త మండితేనే పనిచేస్తున్నట్టు అని కొందరు రాస్తుంటారు, అది మనకు పనికిరాని సలహా.

మరి శుద్ధి చేసిన బకూచియాల్? 2019లో ఒక బ్రిటిష్ చర్మవైద్య పత్రికలో వచ్చిన పరీక్షలో 44 మంది ఉన్నారు. సగం మందికి 0.5 శాతం బకూచియాల్ రోజుకి రెండుసార్లు, మిగతావాళ్ళకి 0.5 శాతం రెటినాల్ రోజుకి ఒకసారి, 12 వారాలు. ముడతలు, మచ్చలు రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకేలా తగ్గాయి. పొట్టు రేగడం, మంట రెటినాల్ వాళ్ళకే ఎక్కువ. వినడానికి బాగుంది కానీ 44 మందే. రెటినాల్ పడని చర్మానికి ఇది వాడొచ్చు, పడేవాళ్ళు రెటినాల్ మానేసి దీనికి మారాల్సినంత ఆధారం నాకు కనబడలేదు.

విటమిన్ సి దగ్గర నాలో సైన్సు టీచరు నిద్రలేస్తుంది. అసలైన ఎల్-ఆస్కార్బిక్ ఆమ్లం చర్మంలోకి దిగాలంటే ఆ ద్రావణం పీహెచ్ (ఆమ్లం కొలత, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 3.5 కంటే తక్కువుండాలి. గాఢత 20 శాతం దాటితే అదనంగా ఒరిగేదేమీ లేదు. బడి ల్యాబులో మిగిలిన పీహెచ్ కాగితం ముక్క తెచ్చి నా సీరమ్ చుక్క వేసి చూశాను, 3 దగ్గర రంగొచ్చింది. సంతోషం. కానీ గాలి, వెలుగు తగిలితే చాలు, చెడిపోతుంది. ఫ్రిజ్‌లో పచ్చిమిర్చి డబ్బా పక్కన పెట్టినా రెండు నెలలకి లేత పసుపు నుంచి డికాక్షన్ రంగుకి వచ్చింది. అప్పుడు పారబోయడమే. ఫెరూలిక్ ఆమ్లం, విటమిన్ ఇ కలిపినవి కాస్త నిలకడగా ఉంటాయి. నిమ్మకాయలోనూ విటమిన్ సి ఉందిగా అని చెక్క తీసి ముఖానికి రుద్దుకోకండి. నిమ్మజాతి కాయల్లోనూ సొరాలెన్ కుటుంబం పదార్థాలున్నాయి. ఎండలోకి వెళ్తే నా బావంచాల కథే మళ్ళీ. ఉసిరి నూనెలో విటమిన్ సి అని అమ్మేవాళ్ళని కూడా నమ్మకండి. విటమిన్ సి నీళ్ళలో కరుగుతుంది, నూనెలో కరగదు. ఉసిరికాయ తినండి, పచ్చడి పెట్టుకోండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. నయాసినమైడ్ (విటమిన్ బి3 రూపం) 4, 5 శాతంలో మచ్చలకీ సన్న గీతలకీ మంచిది, చవక, దాదాపు అందరికీ పడుతుంది. మొదటిసారి కొనేవాళ్ళకి నేను ఇదే చెప్తాను. హయాలురోనిక్ ఆమ్లం నీటిని పట్టుకుని చర్మాన్ని కాసేపు నిండుగా చూపిస్తుంది, కడిగితే పోతుంది. పెప్టైడ్స్ అంటే ప్రొటీన్ల చిన్న ముక్కలు, వాటిలో కొన్నిటికి చిన్న చిన్న పరీక్షలున్నాయి, ధర మాత్రం పెద్దది. కొల్లాజెన్ క్రీములో కొల్లాజెన్ అణువు చర్మం దాటలేనంత లావు, కాబట్టి అది ఖరీదైన మాయిశ్చరైజర్.

మూలికల మీద నాకు కక్షేమీ లేదు. మా నాయనమ్మ చదువొస్తుందని మా చేత తినిపించిన సరస్వతి ఆకునే కొరియా వాళ్ళు సెంటెల్లా అని క్రీముల్లో వేసి అమ్ముతున్నారు. రేగిన చర్మాన్ని చల్లబరుస్తుంది, రెటినాల్ వాడేటప్పుడు నాకు బాగా పనికొచ్చింది. అతిమధురంలో గ్లాబ్రిడిన్ అనే పదార్థం నలుపు రంగు తయారీని నెమ్మదింపజేస్తుంది, మంగు క్రీముల్లో అందుకే వేస్తారు. కలబంద తేమకి బాగుంటుంది, ముడతలకి దాన్నే నమ్ముకుని కూర్చోలేం. పసుపు మా అత్తగారు ఇప్పటికీ రాసుకుంటారు, అది ఆవిడ ముచ్చట. ఆవిడే ఇచ్చిన కుంకుమాది తైలం రాస్తే ముఖం నిగనిగలాడుతుంది. ఆ మెరుపు చాలావరకు నూనెదే అని నా అనుమానం, ఆవిడతో అనలేదు.

అయితే క్రీములో ఆ మూలిక ఎంత ఉందో చూడాలి. మన దేశంలో అట్ట మీద పదార్థాలు ఎక్కువ నుంచి తక్కువకి వరసగా రాయాలి, 1 శాతంలోపు ఉన్నవి ఏ వరసలోనైనా రాసుకోవచ్చు. క్రీము చెడిపోకుండా వేసే ఫినాక్సీఇథనాల్ అనే ప్రిజర్వేటివ్ చాలా క్రీముల్లో ఉంటుంది, దాన్ని 1 శాతం మించి వేయరు. కాబట్టి ఆ పేరు తర్వాత వచ్చేవన్నీ సాధారణంగా 1 శాతంలోపే. నా దగ్గరున్న ఒక "కుంకుమపువ్వు" క్రీములో ఆ కుంకుమపువ్వు దాని తర్వాత ఐదో పేరు, సువాసన కంటే కింద. రెటినాల్‌కి మాత్రం ఈ లెక్క వద్దు, అది తక్కువ మోతాదులోనే పనిచేస్తుంది.

ఒక్కటి మాత్రం భయపెట్టడానికే చెప్తున్నాను. మా తోటి టీచరొకరు మందుల షాపులో "నైట్ క్రీము" అడిగితే ఒక ట్యూబిచ్చారు. రెండు వారాల్లో ముఖం మెరిసిపోయింది, స్టాఫ్ రూమంతా పేరు రాసుకున్నాం. అది ట్రెటినాయిన్, రంగు తగ్గించే హైడ్రోక్వినోన్, మొమెటాసోన్ అనే స్టెరాయిడ్ కలిపిన మందు. డాక్టరు చూస్తుండగా కొన్ని వారాలు మాత్రమే వాడాల్సింది. ఆవిడ ఏడాదిన్నర రాశారు. చర్మం పల్చబడి రక్తనాళాలు బయటికి కనబడ్డాయి, గడ్డం మీద సన్నటి వెంట్రుకలు మొలిచాయి, మానేస్తే మంట. పదార్థాల్లో "-సోన్" అని ముగిసే పేరుంటే షాపులోనే వెనక్కిచ్చేయండి.

38కి మీకు పొద్దున సన్‌స్క్రీన్, రాత్రి నయాసినమైడ్ చాలు. మూడు నెలలయ్యాక కావాలంటే రెటినాల్ వారానికి రెండుసార్లు కలపండి. ఇప్పటికే ఏదైనా క్రీము కొని ఉంటే ముందు వైపు వద్దు, వెనక అట్ట ఫొటో తీసి కింద కామెంట్లో పెట్టండి. ఆదివారం పేపర్లు దిద్దడం అయ్యాక చూసి చెప్తాను.