యాంకర్ ఎంచుకునే ముందు ఎముకను చూడు

అమ్మా,

ఆశీస్సులు. ఖమ్మంలో సొంతంగా ఆర్థ్రోస్కోపీ (చిన్న రంధ్రంలోంచి కెమెరా పెట్టి చేసే కీళ్ళ ఆపరేషన్లు) మొదలుపెట్టావని తెలిసి చాలా సంతోషించాను. భుజం ఆపరేషన్లకు సూచర్ యాంకర్లు, అంటే ఎముకలో దించి దారాన్ని పట్టి ఉంచే చిన్న మేకుల్లాంటివి, ఏవి తెప్పించుకోవాలి, మెటల్‌వా, పీక్ అనే గట్టి ప్లాస్టిక్‌వా, కరిగిపోయేవా అని అడిగావు. ఆ సంగతికి వస్తాను గానీ, ముందు వేరే మాట చెప్పాలి. తెగిన టెండన్‌ను, అంటే కండను ఎముకకు కలిపే పట్టీని, కొన్ని నెలలపాటు ఎముకకు ఆనించి ఉంచడమే యాంకర్ పని. అతికించుకునేది శరీరమే. ఆ అతుకు పడేలోపు దారం తెగకూడదు, యాంకర్ ఊడకూడదు, కుట్టు టెండన్‌ను కోసుకుని బయటికి రాకూడదు. ఇప్పుడు మనం ఎక్కువగా ఓడిపోయేది ఈ మూడో చోటే. గట్టి పాలిఎథిలీన్ దారాలు వచ్చాక నంబర్ 2 సైజు దారం తెగడం అరుదైపోయింది. అరవై ఏళ్ళ మనిషి టెండన్ వయసు మాత్రం అరవయ్యే కదా.

2004లో అమెరికాలో గలాట్జ్ బృందం ఒక పేపర్ ప్రచురించింది. రొటేటర్ కఫ్‌లో, అంటే భుజం కీలును చుట్టి ఉండే టెండన్ల గుంపులో, పెద్ద చిరుగులను స్కోప్‌తో కుట్టిన 18 మందిని తర్వాత అల్ట్రాసౌండ్‌లో చూస్తే, 17 మందికి మళ్ళీ తెగి కనిపించింది. అయినా ఏడాది నాటికి చాలామందికి నొప్పి తగ్గింది, చెయ్యి బాగానే లేచింది. ఆ తర్వాత యాంకర్లను రెండు వరుసల్లో వేసే డబుల్ రో, సూచర్ బ్రిడ్జ్ పద్ధతులు వచ్చాయి, కుట్టు బలం పెరిగింది. కానీ కండ కొవ్వుగా మారిపోయిన చోట ఏ పద్ధతైనా చేసేది కొంతే. అందుకే ఎమ్మారైలో ముందు గూటాలియే స్టేజ్, అంటే కండలో కొవ్వు ఎంత చేరిందో చెప్పే స్థాయి, చూడు. మూడు, నాలుగు అయితే ఆపరేషన్‌కు ముందే రోగినీ ఇంట్లోవాళ్ళనీ కూర్చోబెట్టి, నొప్పి తగ్గొచ్చు గానీ బలం పూర్తిగా రాకపోవచ్చని విడమరిచి చెప్పు. ఆ అరగంట మాట్లాడటం ఆపరేషన్‌లో భాగమే అనుకో.

ఇక ఎముక. వయసు పైబడిన ఆడవాళ్ళలో గ్రేటర్ ట్యూబరోసిటీ, అంటే కఫ్ అతుక్కునే చేతి ఎముక పైభాగపు గుబ్బ, బాగా మెత్తబడి ఉంటుంది, ముఖ్యంగా చిరుగు పాతదైనప్పుడు. కీలు కార్టిలేజ్ (ఎముక చివరనుండే నున్నని పొర) అంచుకు దగ్గరగా ఎముక కాస్త గట్టిగా దొరుకుతుంది, కిందికి పోయేకొద్దీ పల్చబడుతుంది. కాబట్టి షేవర్, బర్ లాంటి చెక్కే పనిముట్లు పట్టుకుని పైపొరను చెక్కేయకు. మెత్తని కణజాలం తీసేసి, చిన్న చిన్న రక్తపు చుక్కలు కనిపిస్తే చాలు. మెత్తని ఎముకలో డ్రిల్ వద్దు, పంచ్‌తో సరిపెట్టు. అదీ చివరిదాకా కొట్టకు, యాంకర్ మరలు తమ దారి తామే చేసుకుంటాయి. యాంకర్ వేశాక దారాలు పట్టుకుని గట్టిగానే లాగి చూడు. ఊడేది ఉంటే నీ కళ్ళ ముందే ఊడాలి, ఇంటికెళ్ళాక కాదు. 5.5 మిల్లీమీటర్లది వదులైతే 6.5ది వెయ్యి, లేదా చోటు మార్చు. ఆ పెద్ద సైజు ట్రేలో లేకుండా కేసు మొదలుపెట్టవద్దు.

కోణం గురించి అందరూ అమెరికా సర్జన్ బర్క్‌హార్ట్ మాటే చెబుతారు. దక్షిణ టెక్సస్‌లో కంచె మూల గుంజను నిలబెట్టడానికి భూమిలో బరువు పాతి, దానికి వాలుగా తీగ కట్టడం చూసి ఆయన 1995లో 'డెడ్‌మన్' సిద్ధాంతం రాశాడు. యాంకర్‌ను టెండన్ లాగే దిశకు 45 డిగ్రీలు లేదా అంతకు తక్కువ కోణంలో దించాలన్నది అందులోని సారం. తర్వాత కొన్ని ల్యాబ్ పరీక్షల్లో మరలున్న యాంకర్లు నిటారుగా దించినప్పుడే బాగా పట్టుకున్నాయి. నా అభిప్రాయం అడిగితే, డిగ్రీలు కొలవడం కన్నా రెండు విషయాలు ముఖ్యం. యాంకర్ మొత్తం ఎముకలో మునగాలి, కొన కార్టిలేజ్ కిందికి జారకూడదు. చర్మం కోసే ముందే భుజం పైనుండే అక్రోమియన్ ఎముక అంచు పక్క నుంచి స్పైనల్ నీడిల్ పెట్టి దారి చూసుకుంటే ఈ రెండూ సగం నెరవేరినట్టే.

భుజం పదేపదే జారే కుర్రాళ్ళ విషయం వేరు. అక్కడ గ్లినాయిడ్ (భుజం గిన్నె) ఎముక గట్టిదే, కానీ చోటు తక్కువ. మూడు, అంతకు తక్కువ యాంకర్లు వేసినవాళ్ళలో మళ్ళీ జారడం ఎక్కువని బ్వాలో బృందం 2006లో చూపించింది. అలాగని ఒకే గీతలో దగ్గరదగ్గరగా బోలెడు రంధ్రాలు చేస్తే ఆ గీత వెంబడే అంచు విరగొచ్చు. యాంకర్‌ను గ్లినాయిడ్ అంచు మీద, కొంచెం గిన్నె ముఖం వైపుకు పెట్టు. వెనక్కి, గ్లినాయిడ్ మెడ మీదకు పోతే లాబ్రమ్, అంటే గిన్నె అంచు చుట్టూ ఉండే పట్టీ, అడ్డుకట్టగా నిలవదు. ఇంతకన్నా ముందు సీటీ తీయించు. ఎముకే బాగా అరిగిపోయి ఉంటే యాంకర్లతో సరిపెట్టే ప్రయత్నం చెయ్యకు, ఎముక ముక్కను తెచ్చి అక్కడ బిగించే లాటార్జే ఆపరేషన్ గురించి ఆలోచించు.

ఇప్పుడు నువ్వడిగిన సంగతి. టైటానియం గట్టిగా పట్టుకుంటుంది, కదిలితే ఎక్స్‌రేలో తెలుస్తుంది. కానీ ఎమ్మారైలో చుట్టుపక్కల చిత్రం చెడిపోతుంది, పైకి పొడుచుకొస్తే కార్టిలేజ్‌ను గీరేస్తుంది. కరిగిపోయేవాటిలో మొదట వచ్చిన పాలిగ్లైకోలిక్ యాసిడ్ రకాలు తొందరగా బలం కోల్పోయాయి, చుట్టూ ఎముక కరగడం లాంటి ఇబ్బందులూ వచ్చాయి. పీక్‌తో ఎమ్మారై శుభ్రంగా వస్తుంది, రివిజన్‌లో (మళ్ళీ చేసే ఆపరేషన్‌లో) దాని గుండానే డ్రిల్ చేయొచ్చు. ఎక్స్‌రేలో మాత్రం కనిపించదు. దారంతోనే చేసిన సాఫ్ట్ యాంకర్లకు చిన్న రంధ్రం చాలు, గ్లినాయిడ్‌కు నాకు చాలా నచ్చాయి. అవి ఎముక పైపొర కింద ముడుచుకుని పట్టుకుంటాయి కాబట్టి పైపొర బాగుండాలి, పెట్టాక గట్టిగా లాగి కూర్చోబెట్టాలి. మెత్తని ట్యూబరోసిటీలో నేను వాటిని నమ్మను. మొదట్లో ఒకటి రెండు రకాలే తెప్పించు. నువ్వూ స్క్రబ్ సిస్టరూ వాటి ఇన్సర్టర్ (యాంకర్‌ను దించే పరికరం) గీత ఎక్కడుందో చూడకుండానే చెప్పగలగాలి.

ముడి వేసే ముందు దారం సాఫీగా జారుతోందా చూడు. జారకపోతే స్లైడింగ్ ముడి (జారించి బిగించేది) మానేసి, మామూలు హాఫ్ హిచ్‌లతో (ఒంటి చుట్టు ముడులతో) కట్టు. స్లైడింగ్ ముడి మీద కూడా పోస్ట్‌ను, అంటే చుట్టు వేసే ఆధార దారాన్ని, మార్చి మార్చి, దిశ తిప్పుతూ మూడు హాఫ్ హిచ్‌లు తప్పకుండా వెయ్యి. దారాన్ని పళ్ళున్న గ్రాస్పర్‌తో పట్టనివ్వకు.

ఖర్చు సంగతి మొహమాటపడకుండా ముందే చెప్పమ్మా. ఎన్ని యాంకర్లు పట్టొచ్చో ఎక్కువలో ఎక్కువ లెక్క రాసివ్వు, వాడినవాటి స్టిక్కర్లు కేస్ షీట్‌లోనూ డిశ్చార్జ్ సమ్మరీలోనూ అంటించు. రేపు రివిజన్ చేసే డాక్టర్‌కు అదే ఆధారం. కొనలేనివాళ్ళకు ఎముకలో సొరంగాలు చేసి దారం పోసి కట్టే పాత పద్ధతి ఉంది. అమెరికా సర్జన్ కాడ్‌మన్ సుప్రాస్పైనేటస్ (కఫ్‌లోని పై టెండన్) కుట్టిన సంగతి 1911లోనే ప్రచురించాడు, అప్పుడు యాంకర్లు ఎక్కడివి? మినీ ఓపెన్‌లో, అంటే చిన్న కోతతో చేసే ఆపరేషన్‌లో, ఆ పద్ధతి చేతికి అలవాటు చేసుకో. ఊడిన యాంకర్‌కు బదులుగానూ పనికొస్తుంది.

ఆపరేషన్ తర్వాత భుజంలో కొత్తగా కిర్రుమంటోందని, నొప్పి పెరిగిందని ఎవరైనా వస్తే ఫిజియోథెరపీకి పంపేసి ఊరుకోవద్దు. అదే రోజు ఎక్స్‌రే తీయించు, పీక్ వేసి ఉంటే సీటీ గానీ ఎమ్మారై గానీ చూడు. కఫ్ కుట్టినవాళ్ళకు నాలుగు నుంచి ఆరు వారాలు స్లింగ్, బరువులు మూడు నెలల దాకా వద్దు. నొప్పి తగ్గగానే మిరప చేలోకి వెళ్ళేవాళ్ళు మీ వైపు ఎక్కువ. అందుకే ఈ తేదీలన్నీ తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, రోగి చేతికి కాకుండా ఇంట్లో పనులు చూసేవాళ్ళ చేతికి ఇవ్వు.