శంకు నత్తల పేర్లు ఎందుకు మారుతున్నాయి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం శంకు నత్తల గురించే, అంటే శంకువు ఆకారపు గుల్ల ఉండి విషంతో వేటాడే సముద్ర నత్తల గురించే. ఒకేలాంటి ప్రశ్నలను కలిపి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా కాలేజీ లైబ్రరీలోని పాత పుస్తకంలో శంకు నత్తలన్నీ 'కోనస్' ప్రజాతిలోనే ఉన్నాయి. ఆన్‌లైన్‌లో చూస్తే ఒకచోట 'సిలిండర్ టెక్స్‌టైల్', ఇంకోచోట 'కోనస్ (సిలిండర్) టెక్స్‌టైల్' అని ఉంది. రికార్డులో ఏది రాయాలి? (డిగ్రీ జంతుశాస్త్ర విద్యార్థిని, కాకినాడ)

'కోనస్ టెక్స్‌టైల్' అని రాయండి. ఉపప్రజాతి (ప్రజాతిలోని చిన్న విభాగం) కూడా చూపించాలనుకుంటే రెండు పేర్ల మధ్య బ్రాకెట్లో 'సిలిండర్' చేర్చండి. ఒక్క 'సిలిండర్ టెక్స్‌టైల్' అని మాత్రం వద్దు. ఇంత గందరగోళం ఎలా వచ్చిందో తెలిస్తే ఇకపై ఏ పేరు కనిపించినా మీరే తేల్చుకోగలరు.

1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ కోనస్ అనే ప్రజాతిని, అంటే దగ్గరి జాతుల గుంపును, పెట్టినప్పుడు చేతిలో ఉన్నది గుల్ల మాత్రమే. శంకువు ఆకారం, నిలువునా సన్నటి ద్వారం ఉన్నవన్నీ అందులోకి వెళ్లాయి. నల్లటి పొర మీద తెల్లటి త్రికోణాలున్న కోనస్ మార్మోరియస్ ఆ ప్రజాతికి నమూనా జాతి, అంటే ప్రజాతి పేరు కట్టుబడి ఉండే జాతి. తర్వాత రెండున్నర శతాబ్దాల్లో కొత్త జాతులు కలుస్తూ పోయాయి. ఇప్పుడు ఈ కుటుంబంలో, అంటే కోనిడే కుటుంబంలో, గుర్తించిన జాతులు 800 దాటాయి. ఇన్నింటికీ ఒకే ప్రజాతి ఏమిటని చాలామందికి అనిపించింది. 2009లో టకర్, టెనోరియో అనే ఇద్దరు పరిశోధకులు గుల్లతో పాటు పంటి ఆకారాన్నీ లెక్కలోకి తీసుకుని, ఇప్పుడు బతికున్న జాతులను మూడు కుటుంబాలుగా, 82 ప్రజాతులుగా విడదీశారు. సిలిండర్, గాస్ట్రిడియమ్ వంటివి విడి ప్రజాతుల పేర్లుగా మీకు కనిపించేది ఆ పద్ధతి పాటించినచోటే.

ఆ తర్వాత డీఎన్ఏ వచ్చింది. పుయాంద్ర బృందం 300కు పైగా జాతుల మైటోకాండ్రియా జన్యువులను పోల్చి 2014లో వంశవృక్షం గీసింది. అందులో స్పష్టంగా విడిపోయిన పెద్ద కొమ్మలు నాలుగే: కోనస్, కోనాస్ప్రెల్లా, ప్రొఫండికోనస్, కాలిఫోర్నికోనస్. 2015లో ఆ నాలుగింటికే ప్రజాతి హోదా ఇచ్చి, మిగతా పేర్లలో చాలావాటిని ఉపప్రజాతులుగా నిలిపారు. తర్వాత లిలికోనస్, పిగ్మీకోనస్, మలగాసికోనస్ వంటి చిన్న ప్రజాతులు కొన్ని చేరాయి. జాతుల్లో అత్యధిక భాగం ఇప్పటికీ కోనస్‌లోనే ఉంది.

వంశవృక్షం అందరికీ ఒకటే. దాన్ని ఏ కొమ్మ దగ్గర ప్రజాతి అనాలన్నది మనుషుల నిర్ణయం. మా ఉద్దేశంలో ఈ మధ్యేమార్గమే మేలు. విషంపై, వైద్యంపై వచ్చిన వేల పరిశోధన పత్రాల్లో ఉన్న 'కోనస్' పేరు చెడకుండా, నిజంగా వేరైన కొమ్మలు వేరుగా కనిపిస్తాయి.

పేరు చివర రచయితకు బ్రాకెట్ ఉందో లేదో కూడా చూడండి. 'కోనస్ టెక్స్‌టైల్ లిన్నేయస్, 1758' అని విడిగా ఉంటే లిన్నేయస్ పెట్టిన ప్రజాతిలోనే ఆ జాతి ఉందని అర్థం. 'కాలిఫోర్నికోనస్ కాలిఫోర్నికస్ (రీవ్, 1844)' అని బ్రాకెట్లో ఉంటే, మొదట వేరే ప్రజాతిలో పెట్టి తర్వాత మార్చారని అర్థం. ఈ బ్రాకెట్ వదిలేసినందుకే రికార్డుల్లో మార్కులు పోతుంటాయి.

ప్రశ్న: 'శంఖు నత్త' అనాలా, 'శంకు నత్త' అనాలా? (ఉపాధ్యాయుడు, ఖమ్మం)

శంకు నత్త. లెక్కల పుస్తకంలోని శంకువు నుంచి వచ్చిన పేరు ఇది. శంఖం పూర్తిగా వేరే కుటుంబం, పూజలో ఊదేది అదే. ఒత్తు తేడాతో రెండు జంతువులు కలిసిపోతున్నాయి కాబట్టి పాఠం చెప్పేటప్పుడు ఈ ముక్క తప్పకుండా చెప్పండి.

ప్రశ్న: విశాఖ తీరంలో ఏరిన ఖాళీ గుల్లలు కొన్ని ఉన్నాయి. శంకు నత్తవో కావో, ఏ జాతివో ఎలా తెలుసుకోవాలి? (గుల్లలు సేకరించే పాఠకురాలు)

ముందు శిఖరం (చుట్లు కనిపించే కొస) పైకి, ద్వారం మీ వైపు ఉండేలా పట్టుకోండి. ద్వారం మీ కుడి చేతి వైపు రావాలి. శంకు నత్తలు దాదాపు అన్నీ కుడి చుట్టువే. 1650లో డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ చెక్కిన శంకు నత్త ముద్రాచిత్రంలో మాత్రం చుట్టు ఎడమకు తిరిగి ఉంటుంది. సంతకాన్ని రేకు మీద తిరగేసి చెక్కిన ఆయన గుల్లను ఉన్నదున్నట్టు చెక్కడంతో, అచ్చులో దాని కుడి ఎడమలు తారుమారయ్యాయి.

తర్వాత ద్వారం లోపలి అంచు, అంటే నడిమి స్తంభం చూడండి. నున్నగా ఉంటే శంకు నత్త కావచ్చు. మడతలు మడతలుగా ఉండి, గుల్లంతా అద్దంలా మెరుస్తుంటే అది ఆలివ్ గుల్ల. మన తీరంలో ఎక్కువ మంది పొరబడేది దీని దగ్గరే. బతికున్న శంకు నత్త గుల్ల మీద గోధుమరంగు చర్మంలాంటి పొర ఉంటుంది, ఆలివ్‌కు ఉండదు.

ఇక కొలతలు. వెర్నియర్ కాలిపర్స్‌తో నాలుగు తీసుకోండి: మొత్తం పొడవు, ద్వారం పొడవు, అన్నిటికన్నా వెడల్పైన చోట వ్యాసం, కింది కొస నుంచి ఆ వెడల్పైన చోటు వరకు ఎత్తు. ఉదాహరణకు అవి వరుసగా 50, 44, 26, 37 మిల్లీమీటర్లు అనుకుందాం. వ్యాసాన్ని ద్వారం పొడవుతో భాగిస్తే 0.59, ఇది గుల్ల ఎంత లావో చెబుతుంది. మొత్తం పొడవులోంచి ద్వారం పొడవు తీసేసి మొత్తం పొడవుతో భాగిస్తే 0.12, ఇది శిఖరం ఎత్తు. నాలుగో కొలతను ద్వారం పొడవుతో భాగిస్తే 0.84, అంటే వెడల్పంతా భుజం (శిఖరం కిందుగా గుల్ల మలుపు తిరిగే చోటు) దగ్గరే ఉంది. భుజం నున్నగా ఉందా, బుడిపెలున్నాయా అన్నది కూడా పక్కన రాసుకోండి.

పెదవి (ద్వారం బయటి అంచు) విరిగినా, శిఖరం అరిగినా ఈ అంకెలు పనికిరావు. పిల్ల గుల్లల నిష్పత్తులు పెద్దవాటితో కలవవు. రంగును అస్సలు నమ్మొద్దు: ఎండకు వెలిసిపోతుంది, ఒకే జాతిలోనూ మారుతుంది. తూర్పు తీరంలో కనిపించే వాటిలో కోనస్ ఫిగ్యులినస్ కొంచెం తేలిక. బొద్దుగా ఉండి, గోధుమరంగు మీద సన్నటి ముదురు గీతలు చుట్టూ తిరుగుతాయి. ఫిగ్యులినస్ అంటే లాటిన్‌లో కుమ్మరికి సంబంధించినది అని అర్థం. సారె మీద లేచిన కుండను చూసినవాళ్లకు ఆ పేరు వెంటనే అతుకుతుంది. కోనస్ అమాడిస్‌కు పదునైన భుజం, గోధుమరంగులో గుడారాల్లాంటి తెల్లటి మచ్చలు ఉంటాయి. తేలకపోతే 'కోనస్, జాతి తెలియదు' అని రాసి, దొరికిన చోటు, తేదీ చేర్చండి. తప్పు పేరు కన్నా అది ఎంతో విలువైన చీటీ.

బతికున్నదాన్ని ఏరకండి. కోనస్ మిల్నెఎడ్వర్డ్సి జాతిని 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు.

ప్రశ్న: గుల్లతో తేలనప్పుడు శాస్త్రవేత్తలు పన్ను చూస్తారంటారు. నత్తకు పన్నేమిటి? (ఇంటర్ విద్యార్థి, కరీంనగర్)

మీ పాఠంలో రాడ్యులా, అంటే నత్త నోట్లోని పట్టీ, ఆకురాయిలా వరుసల పళ్లతో ఉంటుందని చదివి ఉంటారు. శంకు నత్తలో ఆ పట్టీయే లేదు. ఒక్కో పన్నూ విడిగా, కైటిన్ పలకను గొట్టంలా చుట్టినట్టు బోలుగా ఉంటుంది. చివర ముల్లు ఉంటుంది. పళ్లు ఒక సంచిలో పేర్చి ఉంటాయి. వేటకు ఒకటి తొండం కొసకు వస్తుంది, వెనక కండర బల్బు నొక్కితే పొడవాటి నాళంలోని విషం పంటిగుండా దూరుతుంది. ఒక పన్ను ఒక్కసారికే.

గుల్లతో తేలనప్పుడు వర్గీకరణకు అక్కరకొచ్చే ఆధారాల్లో ఆ పంటి రూపం ఒకటి. చేపలు తినేవాటి పన్ను పొడవుగా, ముళ్లతో ఉంటుంది. చేపను గుచ్చి వదలకుండా లాక్కోవాలి మరి. ఇతర నత్తలను తినేవి పన్నును వదిలేసి మళ్లీ మళ్లీ గుచ్చుతాయి. పురుగులు తినేవే ఎక్కువ, వాటి పళ్లు పొట్టి. ఆల్కహాల్‌లో దాచిన నమూనా నుంచి పళ్ల సంచిని తీసి, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో కండ కరిగేదాకా ఉంచి, స్వేదనజలంతో కడిగి మైక్రోస్కోప్ కింద చూస్తారు. కడగడం సరిపోకపోతే స్ఫటికాలు పేరుకుని పంటి అంచు గీత కనబడదు.

విషంలో ఒక్కో జాతికి వందకు పైగా చిన్న పెప్టైడ్లుంటాయి. కోనస్ మేగస్ విషంలోని 25 అమైనో ఆమ్లాల పెప్టైడ్ నుంచి వచ్చిన జికోనోటైడ్ అనే నొప్పి మందుకు 2004లో అమెరికాలో అనుమతి దొరికింది. దాన్ని వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి పంపుతారు. కోనస్ జియోగ్రాఫస్ విషంలో ఇన్సులిన్ ఉందని 2015లో తేలింది. దానితో చేపలో చక్కెర పడిపోయి ఈదలేక నోట్లో పడుతుంది.

ప్రశ్న: వలలో బతికున్నది పడితే వెడల్పు వైపు పట్టుకుంటే కుట్టదంటారు. నిజమా? (మత్స్యకారుడు, శ్రీకాకుళం జిల్లా)

నిజం కాదన్నా. తొండం సాగి గుల్ల మీద ఏ చోటికైనా అందుతుంది. గుడ్డలోంచి, పల్చటి గ్లౌజులోంచి కూడా గుచ్చుతుంది. పట్టకారుతోనో చెక్కతోనో తోసి సముద్రంలోకి వదిలేయండి. జేబులోనో పంచె కొంగులోనో వేసుకోవద్దు. మనుషుల ప్రాణాలు తీసినవాటిలో ముందున్నది కోనస్ జియోగ్రాఫస్.

కుడితే ఒక్కోసారి నొప్పే ఉండదు, అందుకని తేలిగ్గా తీసుకోవద్దు. తిమ్మిరి, చూపు మసకబారడం, మింగలేకపోవడం, ఆఖరికి ఊపిరి అందకపోవడం వస్తాయి. మనిషిని పడుకోబెట్టి కదలనివ్వకండి. కుట్టిన చోటు నుంచి మొదలుపెట్టి చేయంతా వెడల్పాటి బ్యాండేజీతో, బెణుకుకు కట్టినంత బిగువుగా చుట్టి, కర్ర కట్టండి. వేళ్లు నల్లబడితే కాస్త వదులు చేయండి. తాడుతో బిగించడం, కోయడం, నోటితో పీల్చడం చేయకండి. విరుగుడు మందు లేదు, వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లండి. దారిలో ఊపిరి ఆగితే నోటితో ఊదుతూనే ఉండండి. విషం ప్రభావం తగ్గేదాకా ఊపిరి నిలబెట్టగలిగితే మనిషి బతుకుతాడు.

ప్రశ్న: చెక్క బీరువాలో పెట్టిన గుల్లలకు తెల్లటి బూజు పట్టింది. వెనిగర్‌తో కడగొచ్చా? (హైదరాబాద్)

వెనిగర్ వద్దు. అది బూజు కాదు, ఉప్పు. చెక్క, అట్ట, జిగురు వదిలే ఆమ్ల ఆవిరి గుల్లలోని కాల్షియం కార్బొనేట్‌ను తినేస్తే ఏర్పడుతుంది. దీన్ని బైన్ జబ్బు అంటారు. వెనిగర్ కూడా ఆమ్లమే, ఉన్న మెరుపు కాస్తా పోతుంది. మంచినీళ్లలో ఒకరోజు నానబెట్టి, నీళ్లు రెండుమూడు సార్లు మార్చి, నీడలో పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత గాజు సీసాలోనో లోహపు అరలోనో పెట్టండి. తడి ఉండగా మూత పెడితే మళ్లీ మొదలవుతుంది. చీటీని ఆమ్లం లేని కాగితం మీద పెన్సిల్‌తో రాయండి.