కొత్త ప్రాసెసర్ కోసం ఆగాలా? మీ ముహూర్తాల క్యాలెండర్ చూడండి

ప్రశ్న: మాది పాలకొల్లు. పెళ్లి ఫొటోలు, వీడియోలు తీసే చిన్న స్టూడియో ఉంది. ఎడిటింగ్ కంప్యూటర్ 2019లో కొన్నది, ఫోర్‌కే వీడియో పెడితే ఆగి ఆగి నడుస్తోంది. చేతిలో 1.6 లక్షలు ఉన్నాయి. కొత్త ప్రాసెసర్లు, గ్రాఫిక్స్ కార్డులు వస్తున్నాయని అందరూ అంటున్నారు. ఆగమంటారా, లేక 2 లక్షల చీటీ పాడేసి ఇప్పుడే పెద్ద సిస్టమ్ తీసుకోమంటారా?

జవాబు: చీటీ మాత్రం పాడకండి. 40 వేలు తగ్గించుకుని పాడారనుకుందాం. చేతికి 1.6 లక్షలే వస్తాయి, మిగిలిన వాయిదాలు మాత్రం అన్నీ కట్టాల్సిందే. నాలుగైదేళ్లలో పాతబడిపోయే వస్తువు కోసం అంత నష్టానికి పాడటం నాకు అస్సలు ఇష్టం లేదు. పైగా మీ దగ్గరున్న డబ్బుతోనే మీ పనికి సరిపోయే సిస్టమ్ వస్తుంది.

ఇక ఆగడం సంగతి. వచ్చే చిప్‌ల గురించి వినిపించే మాటల్లో కంపెనీ స్వయంగా చెప్పింది కొంత, లీకుల పేరుతో తిరిగేది చాలా ఎక్కువ. ఇంటెల్ తన నోవా లేక్ ప్రాసెసర్లను 2026 చివరికి అని చెప్పింది. ఏడాది చివర్లో విడుదలైన చిప్ తగిన మదర్‌బోర్డుతో సహా మన భీమవరం షాపుల్లోకి మామూలు ధరకు రావాలంటే ఇంకొన్ని నెలలు పడుతుంది. వచ్చాక చెప్పిన ధరకే దొరుకుతుందన్న హామీ కూడా లేదు. 2020 సెప్టెంబరులో ఎన్విడియా కంపెనీ ఆర్‌టీఎక్స్ 3080 గ్రాఫిక్స్ కార్డును 699 డాలర్లని ప్రకటించింది. క్రిప్టో మైనింగ్ గిరాకీ, చిప్‌ల కొరత కలిసి ఆ ధరను కాగితానికే పరిమితం చేశాయి. 2022లో గానీ ధరలు దిగలేదు. ఇప్పుడు అలాంటి ఒత్తిడి మెమరీ మీద ఉంది. ఏఐ సర్వర్లకు మెమరీ తరలిపోవడంతో 2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ఆగితే చవక అవుతుందన్న పాత లెక్క మీద ఆధారపడి మీ డబ్బు ప్లాన్ చేయలేను.

ప్రచారం గురించి కూడా ఒక మాట. 2025 జనవరిలో ఎన్విడియా అధిపతి జెన్సన్ హువాంగ్, 549 డాలర్ల ఆర్‌టీఎక్స్ 5070 తమ పాత 1,599 డాలర్ల 4090తో సమానంగా పనిచేస్తుందన్నారు. ఆ పోలిక గేముల్లో ఏఐతో అదనపు ఫ్రేములు పుట్టించే పద్ధతి మీద నిలబడింది. మీ పెళ్లి వీడియో రెండరింగ్‌కు, అంటే ఎడిటింగ్ అయ్యాక చివరి వీడియో ఫైలు తయారుచేయడానికి, దానితో ఒరిగేదేమీ లేదు.

మీకు పనికొచ్చే మార్పు మాత్రం ఆ 5070 కార్డు ఉన్న 50 సిరీస్‌లోనే ఉంది. ఇప్పటి కెమెరాలు చాలావరకు 10 బిట్ 4:2:2 వీడియో, అంటే రంగుల వివరాలు ఎక్కువగా ఉండే వీడియో, తీస్తాయి. ఎన్విడియా 30, 40 సిరీస్ కార్డులు ఆ ఫైళ్లను హార్డ్‌వేర్‌తో విప్పలేవు (ఆ భారం ప్రాసెసర్ మీద పడుతుంది), 50 సిరీస్ విప్పుతుంది. అంటే మీరు ఎదురుచూడాల్సిన సౌకర్యం ఇప్పటికే మార్కెట్లో ఉంది. మీరు వాడే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ ఉంటే చాలు. ప్రాసెసర్ ఏఎండీ కంపెనీ ఏఎం5 సాకెట్‌ది తీసుకోండి. సాకెట్ అంటే మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు. ఆ సాకెట్‌ను 2027 దాకా, ఆ తర్వాత కూడా కొనసాగిస్తామని కంపెనీ 2024లో చెప్పింది. రేపు మంచి చిప్ వస్తే బోర్డు మార్చకుండా ప్రాసెసర్ ఒక్కటే మార్చుకునే వీలుంటుంది. "కొన్న మర్నాడే కొత్తది వస్తే?" అన్న టెన్షన్‌కు ఇంతకన్నా చవకైన మందు నాకు తెలియదు.

ఎప్పుడు కొనాలో మీ ఆర్డర్లే చెప్పాలి. సిస్టమ్ మొరాయించి సీజన్‌లో ఆరు పెళ్లిళ్ల ఎడిటింగ్ బయటికిచ్చారనుకోండి, ఒక్కోదానికి 8 వేలు వేసుకున్నా 48 వేలు పోయినట్టే. మీ అసలు అంకెలతో ఈ లెక్క వేసి చూడండి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం మీకు ఖాళీ నెలలు, మూఢం వచ్చిన ఏడాది ఇంకా ఖాళీ. ఆ రోజుల్లోనే కొని, పాత ప్రాజెక్టు ఒకటి కొత్త సిస్టమ్ మీద మొదటినుంచి చివరిదాకా చేసి చూడండి. మాఘమాసంలో ముహూర్తాల మధ్య సిస్టమ్ మార్చే సాహసం వద్దు.

యూపీఎస్‌తో కలిపి ఖర్చు 1.3 లక్షలు దాటనివ్వకండి. మిగతా 30 వేలు కెమెరా రిపేరుకో, ఆర్డర్లు లేని నెలకో బ్యాంకులోనే ఉండాలి. "వడ్డీ లేని" ఈఎంఐ అంటే ప్రాసెసింగ్ ఫీజు ఎంత, నగదు కొనుగోలుకు ఇచ్చే డిస్కౌంటు పోతుందా అని అడగండి. మీకు డబ్బు ఉంది కాబట్టి ఆ దారి అక్కర్లేదు.

మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి, కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులు టర్నోవర్ మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) లేకపోతే బిల్లు మీ జీఎస్టీ నంబరు మీద తీసుకోండి. 1.3 లక్షల్లో 18 శాతం పన్ను వాటా సుమారు 19,800, అది క్రెడిట్‌గా వస్తుంది, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గుతుంది. ఆదాయపు పన్నులో కంప్యూటర్‌కు 40 శాతం తరుగుదల చూపొచ్చు. ఆ ఆర్థిక సంవత్సరంలో 180 రోజులకన్నా తక్కువ వాడితే అందులో సగమే. ప్రిజంప్టివ్ పద్ధతిలో, అంటే ఖర్చుల లెక్క లేకుండా రాబడిలో ఇంత శాతం లాభమని చూపి, రిటర్ను వేస్తుంటే మాత్రం దీన్ని విడిగా చూపలేరు.

భీమవరంలో కొన్నా విజయవాడలో కొన్నా ప్రతి భాగం సీరియల్ నంబరు బిల్లులో రాయించుకోండి. వారంటీలో పాడైతే షాపువాళ్లే పంపుతారా, మీరే సర్వీస్ సెంటర్‌కు మోసుకెళ్లాలా అన్నది డబ్బు కట్టకముందే తేల్చుకోండి.