ఫ్యాన్స్ గొడవల్లో సగం ఫొటో గొడవలే

"ఒకే హీరో అభిమానులు కూడా ఇంతలా ఎందుకు కొట్టుకుంటారు, ఇది అభిమానమా పబ్లిసిటీ పిచ్చా" అని అడిగారు. రెండూ ఉంటాయి గానీ గొడవలు వచ్చేది మాత్రం రెండోదానితోనే. తెనాలిలో డిగ్రీ చదివే రోజుల్లో ఒక అభిమాన సంఘంలో తిరిగాను. హీరో పేరు చెప్పను, చెబితే ఇక మిగతాదెవరూ చదవరు.

సంఘం సంగతంతా ఫ్లెక్సీ షాపులో కూర్చుంటే తెలిసిపోతుంది. హీరో బొమ్మ పెట్టడానికి ఐదు నిమిషాలు కూడా పట్టదు, కింద మన తలకాయలు పేర్చేసరికి అర్ధరాత్రి అవుతుంది. ఎవరు హీరో భుజం పక్కన, ఎవరు చివరి వరసలో, ఎవరి పేరు కింద ప్రెసిడెంట్ అని ఉండాలి, ఎవరిని గౌరవ సలహాదారు అని సర్దిచెప్పాలి... డిజైనర్ వెనక నిలబడి "అన్నా, నాది కొంచెం పెంచన్నా, కళ్లజోడు ఫొటో వెయ్యి" అని ఒకటే గోల. చందా ఎక్కువిస్తే తల పెద్దది, ఎవరూ పైకి అనరంతే.

ఒకసారి ఒకడి ఫొటో మిస్సయింది. తెల్లారేసరికి ఫ్లెక్సీకి అడ్డంగా బ్లేడు కోత. అవతలి హీరో ఫ్యాన్స్ పనేనని వాట్సాప్ గ్రూపు ఊగిపోయింది, బైకులు కూడా తీశారు. తీరా చూస్తే కోత సరిగ్గా మా ఫొటోల వరస మీదే పోయింది, హీరో మీద గీత కూడా పడలేదు. అవతలివాళ్లయితే ముందు హీరో మొహమే కోసేవాళ్లు కదా! అందరికీ అర్థమైంది, ఒక్కడూ నోరు విప్పలేదు. మనవాడే అని ఒప్పుకుంటే సంఘం రెండు ముక్కలవుతుంది మరి.

ఇదంతా నవ్వుకోవడానికి బాగుంటుంది గానీ, పక్కవాళ్ల కంటే ఎత్తుగా కట్టాలన్న పంతం ఉంటుందే, దాంతోనే భయం. 2020 సెప్టెంబరులో కుప్పం దగ్గర శాంతిపురంలో పవన్ కల్యాణ్ పుట్టినరోజుకి ఫ్లెక్సీ కడుతూ కరెంటు తగిలి ముగ్గురు పోయారు. 2023 జులైలో నరసరావుపేట దగ్గర సూర్య పుట్టినరోజుకి ఇద్దరు, కాలేజీ పిల్లలు. వాళ్లది పంతమని అనను, అది నాకు తెలీదు, కానీ తీగల కింద ఇనుప ఫ్రేమ్ లేపుతూ "ఇంకా పైకి, ఇంకా పైకి" అని మావాళ్లు అరవడం మాత్రం నా కళ్లతో చూశాను.

ఇప్పుడు ఫ్లెక్సీ బదులు ఫోన్. పుట్టినరోజు డీపీ ఎవరి హ్యాండిల్ నుంచి వదలాలి, ట్రెండ్‌కి ట్యాగ్ ఎవరు పెట్టారు, అప్‌డేట్ ముందు ఎవరు చెప్పారు అని అడ్మిన్లు ఒకర్నొకరు బ్లాక్ చేసుకుంటారు. లోపలి సమాచారం అని వీళ్లు పెట్టేదాంట్లో చాలావరకు ఊహే. ఫాలోవర్లు పెరిగాక అకౌంట్ అమ్మేసేవాళ్లూ ఉన్నారు, నిన్నటిదాకా హీరో పేరున్న హ్యాండిల్ పొద్దున్నే లేచేసరికి ఇంకేదో ప్రకటనలు వేస్తుంటుంది. 2022 ఆగస్టులో మహేశ్ పుట్టినరోజుకి పోకిరి మళ్లీ వేసినప్పటి నుంచి రీరిలీజుల జోరు పెరిగింది కదా, అక్కడా చూడండి, తెర ముందు ఎక్కి ఎగిరేవాళ్లలో సగం మంది తెరకి వీపు పెట్టి రీల్ తీసుకుంటుంటారు.

అనుమానముంటే మీ గ్రూపులోనే అడిగి చూడండి, ఈసారి ఫ్లెక్సీ మీద హీరో ఫొటో ఒక్కటే వేద్దాం అని. చందా ఎంత వస్తుందో నాక్కూడా చెప్పండి.