అంబాసిడర్‌కి వేరే ఇంజిన్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో 2014 మే నెలలో తయారీ ఆగిపోయినా, మన ఊళ్లలో అంబాసిడర్లు ఇంకా బతికే ఉన్నాయి. వాటిలో పాత 1489 సీసీ పెట్రోలు ఇంజిన్‌ని ఇంటి దగ్గరే మార్చుకుంటున్నవాళ్ల ప్రశ్నలు ఈ సంచికలో తీసుకున్నాం. 1800 ఐఎస్‌జెడ్‌లో వచ్చిన ఇసుజు ఇంజిన్ సంగతి వేరు. ఈ కొలతలు దానికి పనికిరావు.

ప్రశ్న: నాది 1977 మార్క్ 3. బ్లాకు పగిలింది. ఆటోనగర్‌లో పాత ఇంజిన్ ఒకటి దొరికింది. "స్టార్ట్ చేస్తాం, సౌండు వినండి, నచ్చితే తీసుకోండి" అంటున్నారు. సౌండు విని తీసుకోవచ్చా? (తెనాలి)

జవాబు: తీసుకోవద్దండీ. చిక్కటి ఆయిల్ పోసి, చల్లగా ఉన్నప్పుడు రెండు నిమిషాలు తిప్పితే అరిగిపోయిన ఇంజిన్ కూడా బుద్ధిగానే తిరుగుతుంది. సౌండుని కాదు, కొలతల్ని నమ్మండి.

ముందు ఇంజిన్‌ని పదిహేను నిమిషాలు తిప్పించి వేడెక్కనివ్వండి. నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి పట్టుకుని, ఒక్కో సిలిండర్‌కి కంప్రెషన్ గేజి పెట్టి సెల్ఫ్ కొట్టండి. అంకె ఎంత వచ్చిందన్నదానికన్నా నాలుగింటికీ మధ్య తేడా ఎంతన్నదే ముఖ్యం. పది, పదిహేను శాతం దాటి తేడా ఉంటే అనుమానించాలి. తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె పెరిగితే రింగులూ బోరూ అరిగాయి. పెరగకపోతే లోపం వాల్వుల్లో ఉంది. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు కలిసి పడిపోతే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ కాలిపోయినట్టు.

ఆయిల్ ప్రెషర్‌కి మీటరు పెట్టించండి. ఇంజిన్ వేడిగా ఉండి నడుస్తున్నప్పుడు 50 పీఎస్‌ఐ దగ్గర, స్లోలో (యాక్సిలరేటర్ తొక్కకుండా నడుస్తున్నప్పుడు) 15 దగ్గర ఉంటే మంచిది. తర్వాత సంపు (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) నట్టు విప్పి ఆయిల్‌ని తెల్లగుడ్డ మీద పట్టి ఎండలో చూడండి. నల్లగా ఉందని కంగారుపడక్కర్లేదు. అందులో సన్నటి రాగిరంగు మెరుపు కనిపిస్తే మాత్రం బేరింగుల పైపొర అరిగి కింది లోహం బయటపడినట్టే. అప్పుడు ఆ ఇంజిన్‌కి క్రాంక్ గ్రైండింగు ఖర్చు కలుపుకుని బేరమాడండి.

హెడ్ విప్పనిస్తే ఇంకా మంచిది. పిస్టన్ తల మీద 20, 30, 40 అని అంకె కొట్టి ఉంటే ఆ ఇంజిన్ అన్ని థౌలు (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) రీబోర్ అయినట్టు, అంటే సిలిండర్లని అంత వెడల్పు చేసినట్టు. అసలు బోరు 73.025 మిల్లీమీటర్లు. 40 కూడా అయిపోయి ఉంటే ఇక స్లీవులు వేయించడమే మార్గం. బ్లాకు పక్కనున్న గుండ్రటి రేకు బిళ్లలు తుప్పుపట్టి చెమ్మగా ఉంటే లోపల నీటి దారులన్నీ మట్టితో నిండి ఉంటాయి.

ఇదే 1489 సీసీలో డీజిల్ ఇంజిన్ కూడా వచ్చింది, చూసుకోండి. మీ పగిలిన ఇంజిన్‌ని మాత్రం అప్పుడే పాత సామానుకి వేయకండి. మౌంటింగు బ్రాకెట్లు, డైనమో బ్రాకెట్, మానిఫోల్డులు, పుల్లీ అన్నీ దాని నుంచే తీసి వాడుకోవాల్సి వస్తుంది.

ప్రశ్న: పోర్టికో శ్లాబుకి ఉయ్యాల కొక్కెం ఉంది. దానికి చైన్ పుల్లీ వేలాడదీసి ఇంజిన్ ఎత్తొచ్చా? (ఏలూరు)

జవాబు: వద్దు. సెల్ఫ్, డైనమోలతో కలిపి ఈ ఇంజిన్ సుమారు 160 కిలోలు. గేర్‌బాక్సుతో కలిపి లాగితే 200 దాటుతుంది. పైగా లాగేటప్పుడు బరువు ఊగుతుంది, కుదుపుకి కొక్కెం మీద పడే లాగుడు ఇంకా పెరుగుతుంది. టన్ను బరువుకి సరిపోయే చైన్ పుల్లీ, దానికి ఇనప ముక్కాలి స్టాండు అద్దెకి తెచ్చుకోండి. కాళ్లు జారకుండా మూడింటినీ కిందన గొలుసుతో కట్టండి.

ముందు బ్యాటరీ తీయాలి. బానెట్ విప్పేముందు కీళ్ల చుట్టూ పెన్సిల్‌తో గీత గీసుకుంటే తిరిగి బిగించేటప్పుడు సందులు సరిగ్గా కుదురుతాయి. నీళ్లు, ఆయిల్ దించి రేడియేటర్ తీసేయండి. ప్రతి వైరుకీ విప్పకముందే కాగితం చీటీ కట్టండి, విప్పాక గుర్తుంటుందనుకోవద్దు. పెట్రోలు పైపుని పంపు దగ్గర విప్పి మూతికి బిరడా పెట్టండి. చోక్ కేబుల్, యాక్సిలరేటర్ రాడ్, సైలెన్సర్ పైపు, ఎర్త్ పట్టీ కూడా విప్పాలి.

ఇంజిన్ ఒక్కటే తీస్తున్నట్టయితే గేర్‌బాక్స్ కింద జాకీ, దాని మీద చెక్క పెట్టండి. బెల్ హౌసింగు (ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య క్లచ్‌ని కప్పే డొప్ప) బోల్టులన్నీ ఊడాక ఇంజిన్‌ని పైకి కాదు, ముందుకి లాగాలి. గేర్‌బాక్స్ ముందు షాఫ్టు క్లచ్ ప్లేటులోంచి పూర్తిగా బయటికి వచ్చేదాకా పైకి ఎత్తకూడదు.

ఇంజిన్ బయట ఉన్నప్పుడే బాడీ చూసుకోండి. అంబాసిడర్‌కి విడి చాసిస్ లేదు, బాడీయే చాసిస్. ముందు కాళ్లు, ఇంజిన్ మౌంటింగు చోట్లు, జాకీ పెట్టే చోట్లు, కాలి కింద రేకు స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. దిగబడితే ఆ ముక్క కోసి కొత్త రేకు వెల్డింగు చేయించండి. పుటీతో పూడిస్తే ఒక్క వానాకాలం కూడా ఆగదు.

ప్రశ్న: ఇంజిన్ దించాం కానీ గేర్‌బాక్స్‌కి ఆఖరి అంగుళం కలవలేదు. నాలుగు బోల్టులు వేసి బిగిస్తూ లాగాం. ఇప్పుడు క్లచ్ నొక్కినా గేరు గరగరమంటోంది. (నిజామాబాద్)

జవాబు: ఇంజిన్‌ని మళ్లీ బయటికి తీయాల్సిందే. బోల్టులతో లాగినప్పుడు ఇంజిన్ బరువూ బోల్టుల బలమూ కలిసి క్లచ్ ప్లేటు మధ్య భాగాన్ని వంచేసి ఉంటాయి. వంగిన ప్లేటు ఫ్లైవీల్‌ని పూర్తిగా వదలదు. గరగర అందుకే.

ఆ ఆఖరి అంగుళం ఆగడానికి మూడు కారణాలు ఉంటాయి. మొదటిది, క్లచ్ ప్లేటు నడిమధ్యన లేకపోవడం. ప్రెషర్ ప్లేటు బోల్టులు బిగించేముందు పాత గేర్‌బాక్స్ షాఫ్టు గానీ, అదే లావుకి లేతు మీద తిప్పించిన చెక్క కడ్డీ గానీ దూర్చి ప్లేటుని మధ్యకి తేవాలి. కంటి అంచనా సరిపోదు. రెండోది, క్రాంక్ వెనక కొసలో ఉండే చిన్న కంచు బుష్. దొరికిన ఇంజిన్‌లో అది అరిగో, పగిలో, ఒక్కోసారి అసలు లేకుండానో ఉంటుంది. కొత్త బుష్‌ని ఒక రోజంతా ఇంజిన్ ఆయిల్‌లో నానబెట్టి, చెక్కతో మెల్లగా తట్టి కూర్చోబెట్టండి. అది ఆయిల్ పీల్చుకునే లోహం, గ్రీజు పూస్తే దాని సన్నటి రంధ్రాలు మూసుకుపోతాయి. మూడోది, ఇంజిన్ ఒక కోణంలో, గేర్‌బాక్స్ ఇంకో కోణంలో ఉండడం. రెంటి మధ్య సందుని నాలుగు వైపులా ఫీలర్‌తో (సందు కొలిచే పల్చటి రేకులతో) చూసి సమానంగా వచ్చేదాకా జాకీ ఎత్తు సరిచేయండి. టాప్ గేరులో వేసి, వెనక చక్రాన్ని ఒకరు మెల్లగా తిప్పుతుంటే షాఫ్టు పళ్లు వాటంతట అవే కలుస్తాయి. అన్నీ సరిగ్గా ఉంటే రెండు చేతులతో నెట్టగానే పట్టేస్తుంది. బోల్టులు పట్టి ఉంచడానికే గానీ లాగడానికి కాదు.

కొత్త ప్లేటు వేసేటప్పుడు దాని మధ్య భాగంలో పొడుగ్గా పొడుచుకొచ్చిన వైపు గేర్‌బాక్స్ వైపు ఉండాలి. తిరగేసి బిగిస్తే మళ్లీ ఇదే పని.

ప్రశ్న: ఇంజిన్ రీబోర్ చేయించి కూర్చోబెట్టాం. మొదటిసారి స్టార్ట్ చేసేముందు ఏం చూసుకోవాలి? (కడప)

జవాబు: కొత్తగా కట్టిన ఇంజిన్ ఆయుష్షులో ఎక్కువ భాగం మొదటి అరగంటలోనే తేలిపోతుంది. కాబట్టి ఇక్కడ తొందరపడకండి.

20డబ్ల్యూ-50 మినరల్ ఆయిల్ పోయండి. పల్చటి సింథటిక్ ఆయిళ్లు ఈ ఇంజిన్ సందులకి సరిపడవు. ప్లగ్గులన్నీ తీసేసి, కాయిల్ వైరు విప్పి, పది సెకన్ల చొప్పున సెల్ఫ్ కొడుతూ మీటరులో ప్రెషర్ కనిపించేదాకా ఆగండి. అరడజను సార్లు కొట్టినా ముల్లు కదలకపోతే ఇంజిన్ స్టార్ట్ చేయొద్దు. పంపుకి గాలి పట్టింది. ఫిల్టర్ వైపు పైపు విప్పి ఆయిల్ పోసి మళ్లీ మొదలుపెట్టండి.

హెడ్ నట్లు మధ్య నుంచి బయటికి, మూడు విడతల్లో, 40 పౌండ్-అడుగులకి బిగించాలి. అంటే సుమారు 54 న్యూటన్ మీటర్లు. కనెక్టింగ్ రాడ్లకి 35, మెయిన్ బేరింగులకి 70 పౌండ్-అడుగులు. టార్క్ పానా లేకుండా ఈ పని పెట్టుకోవద్దు.

ట్యాపెట్ల సందు 15 థౌ, అంటే 0.38 మిల్లీమీటర్లు. ఏ వాల్వు ఎప్పుడు సరిచేయాలో "తొమ్మిది లెక్క"తో గుర్తుపెట్టుకోవచ్చు. ముందు నుంచి ఒకటి నుంచి ఎనిమిది దాకా వాల్వుల్ని లెక్కపెట్టండి. ఎనిమిదోది పూర్తిగా తెరుచుకుని ఉన్నప్పుడు ఒకటోదాన్ని, ఆరోది తెరుచుకున్నప్పుడు మూడోదాన్ని సరిచేయాలి. ఎప్పుడైనా రెండూ కలిపితే తొమ్మిదే రావాలి.

సిలిండర్లలో మంట రేగే వరస 1-3-4-2. ఒకటో సిలిండర్ ప్లగ్గు రంధ్రం మీద వేలు పెట్టి, హ్యాండిల్‌తో మెల్లగా తిప్పండి. గాలి వేలిని బయటికి నెడుతుంటే అది కంప్రెషన్. అప్పుడు డెల్కోలో (డిస్ట్రిబ్యూటర్‌లో) రోటరు ఒకటో వైరు వైపు చూస్తుండాలి. సరిగ్గా ఎదురు వైపు చూస్తుంటే డెల్కో డ్రైవు సగం చుట్టు తప్పు కూర్చుంది. కార్బొరేటర్‌లోంచి మంట ఎగజిమ్మేది ఇలాంటప్పుడే. పాయింట్ల సందు 15 థౌ, ప్లగ్గుల సందు 25 థౌ. టైమింగుకి 12 వోల్టుల బల్బు చాలు. ఒక వైరు డెల్కో పక్కనున్న టెర్మినల్‌కి, ఇంకోటి బాడీకి తగిలించండి. కీ ఆన్ చేసి డెల్కోని మెల్లగా తిప్పితే, పాయింట్లు విడిపోయిన క్షణంలో బల్బు వెలుగుతుంది. పుల్లీ మీది గుర్తు టైమింగు గుర్తుకి సరిగ్గా ఎదురుగా ఉన్నప్పుడే అలా వెలగాలి.

క్యామ్‌షాఫ్టు, దాని మీద ఆనే ట్యాపెట్లు కొత్తవైతే స్టార్ట్ కాగానే స్లోలో వదలొద్దు. ఇరవై నిమిషాలపాటు 2000 చుట్ల దగ్గర ఉంచండి. క్యామ్‌కి ఆయిల్ చేరేది ఎక్కువగా క్రాంక్ చిమ్మడం వల్లే. స్లోలో ఆ చిమ్మడం చాలదు, కొత్త క్యామ్ తల అప్పుడే గీసుకుపోతుంది.

ఇంజిన్ చల్లారాక ఒకసారి, 500 కిలోమీటర్లకి ఇంకోసారి హెడ్ నట్లు చూసుకుని ట్యాపెట్లు సరిచేయండి. ఆయిల్ కూడా 500కే మార్చేయండి.

ప్రశ్న: రాకర్ షాఫ్టు (వాల్వుల్ని నొక్కే చేతులుండే కడ్డీ) సామాను మార్చడానికి దాని నాలుగు నట్లు మాత్రమే విప్పి మళ్లీ బిగించాం. అప్పటి నుంచి ఆయిల్ తెల్లగా మజ్జిగలా వస్తోంది. (ఒంగోలు)

జవాబు: ఆ నాలుగు నట్లు రాకర్‌ని పట్టుకునేవే కాదు, హెడ్‌ని కూడా పట్టుకునేవే. ఒకవైపు నట్లు మాత్రమే వదిలేస్తే హెడ్ వంకరపోయి, గ్యాస్కెట్ సడలి నీళ్లు ఆయిల్‌లోకి దిగుతాయి. రాకర్ తీయాలంటే ముందు నీళ్లు దించి, హెడ్ నట్లన్నింటినీ కొంచెం కొంచెంగా, వరసలో వదలాలి. ఇప్పుడు బండి నడపకండి. హెడ్ తీసి, లేతు షాపులో దాని అడుగు తిన్నగా ఉందో లేదో చూపించి, కొత్త గ్యాస్కెట్ వేయండి. మజ్జిగ ఆయిల్ అంతా దించి, చవక ఆయిల్‌తో పది నిమిషాలు తిప్పి అదీ పారబోసి, ఆ తర్వాతే మంచి ఆయిల్ పోయండి. నీళ్లు కలిసిన ఆయిల్‌తో బేరింగులు నిలవవు.

ప్రశ్న: ఇప్పుడొచ్చే ఇథనాల్ పెట్రోలు ఈ ఇంజిన్‌కి పడుతుందా? (రాజమండ్రి)

జవాబు: ఇరవై శాతం ఇథనాల్ పాత రబ్బరుని మెత్తబరుస్తుంది, నీటిని పీల్చుకుని రేకు ట్యాంకుని లోపల తుప్పు పట్టిస్తుంది. ట్యాంకు కడిగించి, పెట్రోలు పైపులన్నీ ఇథనాల్‌కి తట్టుకునే రకం వేయించి, పంపులోని డయాఫ్రమ్ మార్చండి. నెలల తరబడి ఆపే బండి అయితే ట్యాంకు ఖాళీగా ఉంచొద్దు. ఇంజిన్‌లోకి వెళ్లే పెట్రోలు-గాలి మిశ్రమం కూడా కొంచెం పల్చబడుతుంది. ఎస్‌యూ రకం కార్బొరేటర్ ఉంటే దాని లోపలి పిస్టన్‌ని మిల్లీమీటరు పైకి ఎత్తి చూడండి. ఇంజిన్ నీరసిస్తే పెట్రోలు తక్కువైనట్టు, జెట్ నట్టు కొంచెం కిందికి దించండి.

సీసం సంగతి కూడా మర్చిపోవద్దు. మన దేశంలో 2000 ఫిబ్రవరి 1 నుంచి సీసం కలిపిన పెట్రోలు లేదు. పాత హెడ్‌లోని మెత్తటి ఎగ్జాస్ట్ సీట్లకి ఆ సీసమే రక్ష. ఎగ్జాస్ట్ ట్యాపెట్ల సందు సరిచేసిన ప్రతిసారీ మళ్లీ తగ్గిపోతుంటే వాల్వు సీటులోకి దిగుతోందని అర్థం. హెడ్ ఎలాగూ లేతుకి వెళ్లినప్పుడే గట్టి సీట్లు వేయించేయండి.

ప్రశ్న: నా బండి 1972 మార్క్ 2. వింటేజ్ నంబరు తీసుకుందామనుకుంటున్నాను. ఇంజిన్ మారిస్తే ఇబ్బందా? డీజిల్ వేయించమని కొందరు అంటున్నారు. (హైదరాబాద్)

జవాబు: డీజిల్ ఆలోచన మానేయండి. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు జరగని వాహనాలకే "వీఏ" వరస నంబరు వస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు. గడువు పదేళ్లు. ఆ నంబరు మీద బండిని రోజువారీ అవసరాలకి, కిరాయికి తిప్పకూడదు. రోజూ ఆఫీసుకి వెళ్లే బండి అయితే మామూలు ఆర్‌సీనే ఉంచుకోండి.

అదే రకం 1489 పెట్రోలు ఇంజిన్ వేసినా ఇంజిన్ నంబరు మారుతుంది కాబట్టి ఆర్‌సీలో ఎక్కించాలి. ముందే ఆర్‌టీఓ కార్యాలయంలో అనుమతి తీసుకోండి. అనుమతి లేకుండా మార్పు జరిగిపోతే 14 రోజుల్లో తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. ఇంజిన్ అమ్మినవాళ్ల దగ్గర ఇంజిన్ నంబరు రాసిన బిల్లు, అది ఏ బండిదో ఆ బండి ఆర్‌సీ నకలు అడిగి తీసుకోండి. నంబరు గీకేసి ఉన్న బ్లాకు ఎంత చవగ్గా ఇచ్చినా ముట్టుకోవద్దు.

ప్రశ్న: ఇంజిన్ మార్చాక బెల్ హౌసింగు కింద చిన్న రంధ్రంలోంచి చుక్క చుక్క ఆయిల్ కారుతోంది. సీలు పోయిందా? (విజయనగరం)

జవాబు: ఈ ఇంజిన్ వెనక కొసలో రబ్బరు సీలు లేదండీ. క్రాంక్ మీద చెక్కిన మరలాంటి గాడి తిరుగుతూ ఆయిల్‌ని తిరిగి ఇంజిన్ లోపలికి లాగుతుంది. బండి ఆపాక ఒకటి రెండు చుక్కలు పడటం మామూలే. ఆ రంధ్రం అందుకే పెట్టారు. అందులో వేలాడుతుండే స్ప్లిట్ పిన్ను కదులుతూ రంధ్రం మూసుకుపోకుండా చూస్తుంది. ఎంసీల్ పెట్టి మూసేస్తే ఆ ఆయిల్ క్లచ్ ప్లేటు మీదికి చేరుతుంది. రాత్రంతా ఆపితే అరచేతంత మరక పడుతుంటే మాత్రం సంపులో ఆయిల్ గుర్తు దాటి పోశారేమో, ట్యాపెట్ కవర్‌కి ఉండే గాలి పైపు మూసుకుపోయిందేమో ముందు చూడండి. ఆ రెండూ బాగుంటేనే వెనక మెయిన్ బేరింగుని అనుమానించండి.