క్యాట్ కోసం ఉద్యోగం మానేసి చీటీ పాడేయాలా?

ప్రశ్న: సార్, మాది తిరుపతి. నాకు 24 ఏళ్లు. శ్రీసిటీలో ఒక కంపెనీలో పనిచేస్తున్నాను, చేతికి 28,000 వస్తుంది. ఐఐఎంలలో ఎంబీఏ సీటు కోసం నవంబరులో క్యాట్ ప్రవేశ పరీక్ష రాయాలి. ఉద్యోగం మానేసి ఆరు నెలలు హైదరాబాద్‌లో కోచింగ్ తీసుకుందామనుకుంటున్నాను. కోచింగ్ 60,000, హాస్టల్ నెలకు 9,000. ఎఫ్‌డీ 80,000 ఉంది. 2 లక్షల చీటీలో 40 నెలలకు 14 కట్టాను. 40,000 వదులుకుంటే ఇప్పుడే వస్తుందంటున్నారు. పాడేయమంటారా?

జవాబు: వద్దమ్మా. పాడితే 1,60,000 చేతికొస్తుంది, నిజమే. కానీ ఇంకా 26 వాయిదాలు ఉన్నాయి. డివిడెండు (పాటలో వదులుకున్న డబ్బులో మీ వంతు) పోను నెలకు నాలుగైదు వేలు, జీతం లేని నెలల్లోనూ కట్టాల్సిందే. అంటే తెచ్చుకున్న డబ్బులోంచే మళ్లీ చీటీ కడతారు. పైగా పాట మీకొచ్చాక షూరిటీ అడుగుతారు. రాజీనామా ఇచ్చినవాళ్ల జీతం స్లిప్పు అక్కడ పనికిరాదు, నాన్నగారో మేనమామో వచ్చి సంతకం పెట్టాలి.

మీ లెక్కలో ఇంకొకటి రాయలేదు. కోచింగ్, హాస్టల్ కలిపి జేబులోంచి పోయేది 1,14,000. రాకుండా పోయే జీతం 1,68,000. అసలు ఖర్చు అదీ. పైగా చాలా ఐఐఎంలు ఎంపికలో పని అనుభవానికీ మార్కులు వేస్తాయి.

నేనైతే ఉద్యోగం వదలను. ఆన్‌లైన్ కోచింగ్, మాక్ టెస్టులకు కలిపి 30,000 దాటకుండా చూసుకోండి. అది ఎఫ్‌డీ విరగ్గొట్టకుండా మూడు నెలల జీతంలో సర్దుకోవచ్చు. కంపెనీ బస్సులో పోను గంటన్నర, రాను గంటన్నర ఎలాగూ కూర్చుంటారు కదా. పొద్దున ఇంగ్లిష్ ప్యాసేజీలు చదవండి. సాయంత్రం అలసిపోయి ఉంటారు, అప్పుడు కొత్తవి వద్దు. ఆదివారం మాక్‌లో తప్పిన లెక్కలు ఒక చిన్న నోటుబుక్కులో రాసుకుని, రోజుకు నాలుగు మళ్లీ చేయండి. క్యాట్‌లో మూడు సెక్షన్లు, ఒక్కోదానికి 40 నిమిషాలే. తప్పుడు ఆప్షన్ పెడితే ఒక మార్కు కోత. ఏది వదిలేయాలో తెలిసేది ఆ నోటుబుక్కు వల్లే, కోచింగ్ క్లాసులో కాదు.

రాష్ట్రంలో ఎంబీఏ సీట్లకు పెట్టే ఐసెట్ కూడా రాయండి. 200 ప్రశ్నలు, 150 నిమిషాలు, నెగెటివ్ మార్కుల్లేవు. ఇదే చదువు దానికీ సరిపోతుంది, దరఖాస్తు ఫీజు వందల్లోనే. ర్యాంకు బాగుంటే ఊళ్లోనే ఎస్వీ యూనివర్సిటీలో ఎంబీఏ చేయొచ్చు.

ఎఫ్‌డీ ఇంటర్వ్యూ ప్రయాణాలకు, అడ్మిషన్ అడ్వాన్సుకు అవసరమవుతుంది, అప్పటిదాకా ముట్టుకోవద్దు. పెద్ద ఐఐఎంల ఫీజు 20 లక్షలు దాటుతుంది. దానికి చీటీలూ, అమ్మ గాజులూ చాలవు, విద్యా రుణమే దారి. పీఎం విద్యాలక్ష్మి కింద ఎంపికచేసిన సంస్థల్లో సీటొస్తే తాకట్టు, హామీ లేకుండా ఇస్తారు.

ఒక్క మాట. సెలవులు ఇప్పట్నుంచే దాచుకోండి, పరీక్షకు ముందు పది రోజులు కావాలి. తిరుపతిలో ఇల్లంటే బ్రహ్మోత్సవాలకు చుట్టాలు దిగకుండా ఉండరు. ఆ ఆదివారాల్లో మాక్ ఇంట్లో రాద్దామనుకోకండి, దగ్గర్లో రీడింగ్ రూములో సీటు చూసుకోండి.