ఎంబీబీఎస్ తర్వాత అనాటమీ (శరీర నిర్మాణ శాస్త్రం) తీసుకుంటే కెరీర్ మృతదేహాలను కోసి చూపే డిసెక్షన్ హాల్లోనే ఆగిపోతుందా?

ఆగదు. మూడేళ్ల ఎండీ, ఆపై సీనియర్ రెసిడెన్సీ (పీజీ తర్వాతి శిక్షణ ఉద్యోగం) అయ్యాక మెడికల్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరతారు. నాలుగేళ్లకు అసోసియేట్, మరో మూడేళ్లకు ప్రొఫెసర్ అర్హత వస్తుంది. పరిశోధనా పత్రాలూ కావాలి. పోస్టు ఖాళీ కోసం ఎదురుచూపులు మామూలే.

అసలు పని మాత్రం హాల్లోనే. 1959లో మొదలైన వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీ అయినా, జగిత్యాల, మంచిర్యాలలోని కొత్త కాలేజీలైనా అంతే. మృతదేహాలు పాడవకుండా వాడే ఫార్మలిన్ ఘాటుకు కళ్లు మండుతున్న ఫస్టియర్ పిల్లలకు చంకలోని బ్రాకియల్ ప్లెక్సస్ నరాలను ఫోర్సెప్స్‌తో ఒక్కొక్కటే విడదీసి చూపించాలి.

ప్రాక్టీసు ఆదాయం పెద్దగా ఉండదు, ముందే చెబుతున్నా. అయితే పరీక్షలు, సిలబస్, దేహదానాల వ్యవహారాలు చూసిచూసి పాలన అలవాటవుతుంది. హెచ్‌ఓడీ (విభాగాధిపతి), వైస్ ప్రిన్సిపాల్, ప్రిన్సిపాల్, ఆపై వరంగల్‌లోనే ఉన్న కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయంలో బాధ్యతలు... అక్కడిదాకా వెళ్లొచ్చు.